కష్టవిముక్తులు

తీరప్రాంత కాందిశీకుల శిబిరంలో మనుషులు లావెక్కుతున్నారన్న సంగతి ప్రభుత్వం దృష్టికి ఒక ఫోటో వల్ల వచ్చింది.

రాజధాని నుంచి ఒక సేవాసంఘం వారు శిబిరంలో దుప్పట్లు పంచడానికి వచ్చారు. అది మండువేసవి. అయినా దుప్పట్లు శీతాకాలంలో మంజూరయ్యాయి కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు పంచక తప్పదు. సంఘం అధ్యక్షురాలు చాలా ఏళ్లుగా రాత్రిభోజనం మానేసిన మనిషి. చెయ్యెత్తితే ఆవిడ గాజులు మోచేతి దాకా జారిపోయేవి. దుప్పటి పుచ్చుకోవడానికి వరసలో అందరికంటే ముందు నిలబడ్డ మనిషి కోరాడ దాలమ్మ. మర్నాడు పత్రికలో ఆ ఫోటో చూసినవాళ్ళకి ఇస్తున్నది ఎవరో, పుచ్చుకుంటున్నది ఎవరో కింద రాసింది చదివితే తప్ప తెలియలేదు. చదివాక కూడా కొందరు అచ్చుతప్పు పడిందనుకున్నారు.

సచివాలయంలో ఒక పెద్ద అధికారి ఆ ఫోటోను కత్తిరించి, తెల్లకాగితానికి అంటించి, పక్కన "ఇది ఎలా సాధ్యం?" అని రాశారు. ఆయనకు తెలిసినంతలో కాందిశీకులు సన్నగా ఉంటారు. విరాళాలు అడిగే ప్రకటనల్లో ఎప్పుడు చూసినా అలాగే ఉంటారు. ఆ కాగితం పునరావాస శాఖకు వెళ్ళి, అక్కడ నాలుగు సంతకాలు సంపాదించుకుని, చివరికి శిబిరం ప్రత్యేకాధికారి త్రిలోచనరావు గారి బల్ల మీదికి వచ్చి పడింది.

త్రిలోచనరావు గారు నిజాయితీపరుడు. శిబిరంలో ఒక గ్లాసు టీ కూడా తాగి ఎరుగరు. మంచినీళ్ళు ఇంటినుంచే తెచ్చుకునేవారు. పైనుంచి వచ్చిన ప్రతి ఆదేశాన్నీ నమ్మేవారు. శిబిరంలోని వాళ్ళకి జరిగిన మంచికైనా చెడుకైనా కారణం ఆయనలోని ఈ రెండు గుణాలే.

శిబిరం అంటే ఊరి చివర మూతపడ్డ జూట్ మిల్లు. యంత్రాలు అమ్ముకుపోగా మిగిలిన రేకుల షెడ్లలో గోనెపట్టాలు అడ్డం కట్టి కుటుంబాలను ఉంచారు. ఈ కుటుంబాల తాతలు ఈ జిల్లా వాళ్ళే. ఒకప్పుడు ఓడలెక్కి సముద్రం అవతలి దేశంలో బియ్యం మిల్లుల్లో పనికి పోయారు. అక్కడే పిల్లల్ని కన్నారు, అక్కడే పోయారు. ఈమధ్య ఆ దేశంలో గొడవలు లేచి, మీరు అవతలివాళ్ళు పొండని అక్కడివాళ్ళు తరిమేశారు. పడవల్లో ఇక్కడికి చేరితే, మీరు అవతలివాళ్ళు ఆగండని ఇక్కడివాళ్ళు మిల్లులో పెట్టారు.

దాలమ్మకి అక్కడ తోపుడుబండి ఉండేది. కొబ్బరిపాల పులుసులో ఉడికించిన సేమ్యా, పైన వేయించిన ఉల్లిపాయ, చింతపండు నీళ్ళు. పొద్దున్నే బండి తోసుకుంటూ బయల్దేరితే మధ్యాహ్నానికి గిన్నె ఖాళీ అయ్యేది. మొగుడు చినగురువులు మిల్లులో బస్తాలు మోసేవాడు. అల్లరిమూకలు బండి తగలబెట్టిన రోజున ఇద్దరూ కట్టుబట్టలతో నడవడం మొదలుపెట్టారు. అడవిలో ఆకులు ఉడకేసుకు తిన్నారు. పడవ దిగేసరికి దాలమ్మ నడుముకి చీర మామూలుకన్నా రెండు చుట్లు ఎక్కువ తిరిగేది.

శిబిరంలో బియ్యం, పంచదార, పామాయిలు పుష్కలంగా ఇచ్చేవారు. పప్పు, కూరలు, గుడ్లు కొద్దికొద్దిగా ఇచ్చేవారు. పని చెయ్యకూడదు. గేటు తెరిపించుకుని బయటికి వెళ్ళాలంటే పాసు కావాలి. పాసు కావాలంటే బయట పని ఉండాలి. పని చెయ్యకూడదు కాబట్టి పాసు ఉండదు. ఇలా కొన్నేళ్ళు గడిచేసరికి పెద్దవాళ్ళు చాలామంది ఒళ్ళు చేశారు. దాలమ్మ అందరికంటే ఎక్కువ చేసింది.

శిబిరం డాక్టరు సౌదామిని కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయి. ఆకలి లేకుండా ఎందుకు తింటున్నావని ఆవిడ ఒకసారి దాలమ్మని అడిగింది. దాలమ్మ దాచకుండా చెప్పింది.

"కాలీగా కూకుంటే మనసు అటే పోతాదమ్మా. బండి కనబడతాది, మంట కనబడతాది. నోట్లో ఏదైనా ఏసుకుంటే కాసేపు ఇటుంటాది."

పైనుంచి ఫోటో వచ్చాక త్రిలోచనరావు గారు వైద్య నివేదిక కోరారు. సౌదామిని శ్రద్ధగా రాసి ఇచ్చింది. వీళ్ళు ఒకప్పుడు మాడిపోయినవాళ్ళు. మళ్ళీ దొరుకుతుందో లేదోనని దొరికినప్పుడు ఎక్కువ తింటారు. తినేదాంట్లో బియ్యం, పంచదార, నూనె తప్ప సత్తువ లేదు. కదలిక లేదు. దిగులు ఉంది. చాలామందికి షుగరు, మోకాళ్ళ నొప్పులు వస్తున్నాయి. కాబట్టి పప్పు, ఆకుకూరలు పెంచండి, బయటికి వెళ్ళి పని చేసుకోనివ్వండి. ఇదీ నివేదిక.

త్రిలోచనరావు గారు రెండుసార్లు చదివి ఆవిణ్ణి పిలిపించారు.

"మీ నివేదిక సమగ్రంగా ఉంది డాక్టరు గారూ. వీరు లావుగా ఉన్నారన్న నిర్ధారణ శాఖకు ఆమోదయోగ్యం. ఎందుకు లావయ్యారన్నది మాత్రం ఈ శాఖ పరిధిలోని అంశం కాదు."

ఆ నిర్ధారణ మీద మొదటి సంస్కరణ వచ్చింది. పప్పు, కూరలు, గుడ్లు అనే మూడూ లెక్కప్రకారం 'పోషకాహారం' అనే పద్దులో ఉన్నాయి. పోషణ ఎక్కువైనవారికి పోషకాహారం ఇవ్వడం ప్రజాధనం దుర్వినియోగం కిందికి వస్తుందని ఆ మూడింటినీ నిలిపేశారు. బియ్యం, పంచదార, పామాయిలు 'జీవనాధార వస్తువులు' అనే పద్దులో ఉన్నాయి. వాటిని ఆపితే అమానుషం అవుతుంది కనుక అవి యథాతథంగా కొనసాగాయి. పైగా పప్పు ఆపేసిన లోటు కనబడకుండా పంచదార కొంచెం పెంచారు.

వర్షాకాలం మొదలయ్యేసరికి శిబిరం ఇంకా బరువెక్కింది. త్రిలోచనరావు గారు పై అధికారులకి రాస్తూ, లబ్ధిదారుల దేహాలు సంస్కరణకు సహకరించడం లేదని విచారం వ్యక్తం చేశారు. చినగురువులు ఒక్కడే దీనికి మినహాయింపు. అతనికి షుగరు ముదిరి మనిషి సగమైపోయాడు. మాత్రలు వేసుకుంటున్నాడు గాని, పంచదార నీళ్ళూ గంజీ తాగే మనిషికి మాత్రలేం చేస్తాయని సౌదామిని వాపోయేది. ఇక్కడి అధికారుల దృష్టిలో మాత్రం అతను ఆదర్శ కాందిశీకుడు. ఎవరు తనిఖీకి వచ్చినా చినగురువుల్ని ముందు చూపించేవారు.

తరవాత వ్యాయామ పథకం వచ్చింది. మిల్లు ఆవరణలో అందరూ పొద్దున్నా సాయంత్రం గుండ్రంగా నడవాలి. నడిచారు. నాలుగు రోజుల్లో కళ్ళు తిరిగి మానేశారు. అప్పుడు దాలమ్మ, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు వెంట రాగా, ప్రత్యేకాధికారి గదికి వెళ్ళింది.

"బాబుగారూ, నాను అక్కడ బండి తోసుకుని ఊరంతా తిరిగేదాన్ని. అప్పుడు ఒల్లు నా మాట ఇనేది. గేటు తీసి మమ్మల్ని పనికి పంపండి. మీకీ బరువుల గొడవే ఉండదు."

త్రిలోచనరావు గారు ఆవిణ్ణి కూర్చోమన్నారు. ఆయన మర్యాద తెలిసిన మనిషి. కాందిశీకులతో పని చేయించడం శ్రమదోపిడీ అవుతుందనీ, ప్రభుత్వం తన సంరక్షణలో ఉన్నవారిని దోపిడీకి గురికానివ్వదనీ ఓపిగ్గా వివరించారు.

"మరి ఊరికే కూకోబెడితే, అదేటవుతాది బాబూ?" అంది దాలమ్మ.

"దాన్నే సంరక్షణ అంటారమ్మా."

అయినా ఆవిడ మాట ఆయన మనసులో నాటుకుంది. శ్రమ వల్ల బరువు తగ్గుతుందన్నది నిజమే. శ్రమ ఉండాలి, పని ఉండకూడదు. దీని మీద ఆయన ఆదివారం కూడా ఆఫీసుకు వచ్చి కూర్చున్నారు. సోమవారం నుంచి 'నిష్ఫల శ్రమ' అనే పథకం అమల్లోకి వచ్చింది. లారీతో ఇసుక తోలించి, గోనెసంచుల్లో నింపించారు. పొద్దున్న ఆ సంచులన్నీ తూర్పుగోడ దగ్గర్నుంచి పడమటిగోడ దగ్గరికి మొయ్యాలి. సాయంత్రం మళ్ళీ తూర్పుగోడ దగ్గరికి మొయ్యాలి. ఫలితం ఏమీ ఉండదు కాబట్టి అది పని కాదు. పని కాదు కాబట్టి కూలి అక్కర్లేదు.

విచిత్రం ఏమిటంటే జనానికి అది నచ్చింది. మొయ్యడానికి ఏదో ఒకటి ఉండడమే వాళ్ళకి గొప్పగా తోచింది. చినగురువులుకి బరువెత్తే ఓపిక లేకపోయినా గోడ పక్కన నిలబడి, సంచి ఎలా పట్టుకోవాలో, నడుం ఎక్కడ వంచాలో కుర్రవాళ్ళకి చెప్పేవాడు. అతని మొహంలో అన్నాళ్ళకి కళ వచ్చింది. దాలమ్మ సంచి నెత్తిన పెట్టుకుని బండి వెనకాల నడిచినట్టే చకచకా నడిచేది. పదిహేను రోజులకి ఆవిడకి ఆయాసం తగ్గింది.

అయితే వాళ్ళు మిల్లుల్లో పెరిగిన మనుషులు. సంచుల్ని ఎలా పడితే అలా పడెయ్యడం చేతకాదు. పడమటి వైపు పల్లం, వాన పడితే మురికికాలవ పొంగి షెడ్లలోకి వచ్చేది. వాళ్ళు సంచుల్ని ఆ కాలవ గట్టునే ఒకదాని మీద ఒకటి అల్లికగా పేర్చారు. ఆ వారం కుంభవృష్టి కురిసింది. ఆ సాయంత్రం ఎవరూ సంచుల్ని తూర్పుకి మొయ్యలేదు. మొట్టమొదటిసారి షెడ్లలోకి నీళ్ళు రాలేదు. పిల్లలు పొడినేల మీద పడుకున్నారు.

మర్నాడు తనిఖీకి వచ్చిన త్రిలోచనరావు గారు గట్టుని చూసి ఆగిపోయారు. సంచులు నీటిని ఆపాయన్నది కళ్ళకి కనిపిస్తూనే ఉంది. దానివల్ల ప్రయోజనం కలిగింది. ప్రయోజనం కలిగింది కాబట్టి జరిగింది వ్యాయామం కాదు, పని. అంటే తన ఏలుబడిలో ఇంతమంది చేత కూలి లేకుండా పని చేయించడం జరిగింది. ఆయన నిజంగానే కంగారుపడ్డారు. మధ్యాహ్నం లోపల గట్టు విప్పించి, సంచుల్లో ఇసుక ఒలకబోయించి, పథకాన్ని రద్దు చేశారు. గట్టు విప్పుతున్నంతసేపూ చినగురువులు షెడ్డులోంచి బయటికి రాలేదు. ఆ వర్షాకాలమంతా షెడ్లలో మోకాలి లోతు నీళ్ళు.

ఇంతలో రాజధానిలో ఒక నిపుణుల సంఘం కూర్చుని, అసలు కాందిశీకుడంటే ఎవరనే మూలప్రశ్న మీదికి వెళ్ళింది. కాందిశీకుడు అనగా కష్టంలో ఉన్న వ్యక్తి అని చట్టంలో ఉంది. కష్టానికి కొలత చట్టంలో లేదు. ఆ లోపాన్ని సంఘం సరిదిద్దింది. మనిషి ఎత్తును బట్టి ఒక బరువు పరిమితి పెట్టారు. పరిమితికి తక్కువ ఉన్నవారు కష్టంలో ఉన్నట్టు. వారు శిబిరంలో ఉంటారు. ఎక్కువ ఉన్నవారు కష్టం నుంచి బయటపడినట్టు. వారిని 'కష్టవిముక్తులు'గా ప్రకటించి, సగౌరవంగా శిబిరం నుంచి సాగనంపాలి.

తూకం రోజున షామియానా వేశారు. దాలమ్మ వంతు వచ్చింది. సౌదామిని కాటా అంకె చూసి, చదవకుండా నిలబడింది. త్రిలోచనరావు గారే ముందుకు వచ్చి చదివారు. పరిమితి దాటిన వాళ్ళందరి మెడలోనూ ఒక్కో బంతిపూల దండ వేసి, కష్టవిముక్తి ధ్రువపత్రం చేతికిచ్చి, శిబిరం కార్డు వెనక్కి తీసుకున్నారు. చినగురువులు పరిమితికి చాలా తక్కువ తూగాడు. అతని కార్డు అతనికి తిరిగి ఇచ్చారు. తన పెళ్ళాంతో పాటు తననీ పంపెయ్యమని అతను అడిగాడు. కష్టంలో ఉన్నవారిని బయటికి పంపడం అమానుషం అని చెప్పారు. పోనీ ఆవిణ్ణే ఉంచండన్నాడు. కష్టం లేనివారిని శిబిరంలో ఉంచడం నిర్బంధం అవుతుందన్నారు.

కష్టవిముక్తులు దండలతోనే గేటు దాటారు. వాళ్ళ వెనక గేటు మూసేశారు. గేటుకీ రోడ్డుకీ మధ్య మిల్లు నడిచేటప్పుడు లారీలు ఆగే ఖాళీస్థలం ఉంది. దాన్ని దాటి రోడ్డెక్కబోతే అక్కడ కాపలా ఉన్న పోలీసులు ఆపి కార్డు అడిగారు. శిబిరం కార్డు లేని పరదేశస్థులు రోడ్డు మీద తిరిగితే అక్రమ ప్రవేశం. ధ్రువపత్రం చూపిస్తే, దీని మీద కష్టం లేదని ఉంది గాని ఈ దేశస్థులని లేదన్నారు. అంచేత వాళ్ళు ఆ ఖాళీస్థలంలోనే ఆగిపోయారు. అది శిబిరమూ కాదు, ఊరూ కాదు. పాత లారీ షెడ్డు ఒకటి సగం కప్పుతో మిగిలి ఉంటే దాని కింద పడుకున్నారు. రెండు రోజులు ఎవరికీ తిండి లేదు. దాలమ్మ గేటు ఊచలు పట్టుకుని నిలబడి ఉండగా చినగురువులు లోపల్నుంచి తన వాటా అన్నం ఇవ్వబోయాడు. కష్టవిముక్తులకు శిబిరం అన్నం పెట్టకూడదని గేటు కాపలాదారు సన్యాసినాయుడు గిన్నె వెనక్కి నెట్టాడు. నెట్టిన తరవాత అతను చాలాసేపు అటు తిరిగి నిలబడ్డాడు.

మూడో రోజు రోడ్డు అవతల కూరగాయల బండి పెట్టుకునే రాములమ్మ, దాలమ్మ సంగతి విని ఇన్ని ఉల్లిపాయలు, ఒక కొబ్బరికాయ, సేమ్యా ప్యాకెట్లు పోలీసుల తలల మీదుగా అందించింది. పాత ఇటుకలతో పొయ్యి పెట్టి దాలమ్మ పులుసు కాసింది. ఆ వాసన రోడ్డు మీదికి వెళ్ళింది. ఆటోవాళ్ళు ఆగి ఏమిటని అడిగారు. కార్డు లేనివాళ్ళు రోడ్డెక్కకూడదన్న నిబంధన ఉంది గాని, రోడ్డు మీద నిలబడి చెయ్యి చాచి ప్లేటు అందుకోకూడదని ఊరివాళ్ళకి నిబంధన లేదు. కాందిశీకులు పని చెయ్యకూడదన్న నిబంధన ఉంది గాని, దాలమ్మ కాందిశీకురాలు కాదని ప్రభుత్వమే ధ్రువపత్రం ఇచ్చింది. పోలీసులు ఈ రెండు విషయాలూ చర్చించుకుని, చర్చ మధ్యలో చెరో ప్లేటు తిన్నారు.

నెల తిరిగేసరికి దాలమ్మ పొయ్యి ఊళ్ళో అందరికీ తెలిసిపోయింది. మిగతా కష్టవిముక్తులు కూడా ఊరుకోలేదు. ఒకాయన చెప్పులు కుట్టాడు. ఒకావిడ జాకెట్లు కుట్టింది. పొద్దుణ్ణుంచి నిలబడి పని చేసి, పప్పూ ఆకుకూరా వండుకు తిని, సాయంత్రానికి అలిసి పడుకునేవారు. దాలమ్మ ఒళ్ళు తేలికపడింది. పరిమితి దాకా రాలేదు గాని నడకలో తేడా తెలుస్తోంది. అయితే ఆవిడ మనసు గేటు అవతలే ఉండేది. చినగురువులు రోజురోజుకీ కృశించిపోతున్నాడు. సాయంత్రాలు ఊచలకి ఆనుకుని కూర్చునేవాడు. పాలకూర పప్పు ఊచల్లోంచి అందిస్తే సన్యాసినాయుడు కాసేపు ఊరుకునేవాడు గాని, ఎవరైనా వస్తుంటే వద్దనక తప్పేది కాదు. కష్టవిముక్తులు కాందిశీకులకి తిండి పెట్టడం అనుమతి లేని విరాళం అని అప్పటికే ఒక ఉత్తర్వు వచ్చింది.

ఒకరోజు అతను ఊచల దగ్గరికి రాలేదు. సౌదామిని వచ్చి, పడిపోయాడనీ, సెలైన్ పెట్టాననీ, ఇలాగే ఉంటే తన చేతుల్లో లేదనీ చెప్పింది. దాలమ్మ ఏడవలేదు. పొయ్యి ఆర్పేసి, ఇవాళ్టి నుంచి నేను తిండి మానేస్తాను, నేను సన్నబడితే లోపలికి రానిస్తారుగా అంది. రెండు రోజులు నిజంగానే ఏమీ తినలేదు. మూడో రోజు చినగురువులు ఇద్దరి భుజాల మీద చేతులేసి, సౌదామిని వెంట రాగా, గేటు దాకా వచ్చాడు.

"నువ్విటు రావద్దే," అన్నాడు. "ఇటొస్తే మల్లీ ఇద్దరం కూకుంటాం. నాను పోతే పోతాను. నువ్వు పొయ్యి ముట్టించు."

"నువ్వు పోతే ఆ పొయ్యి నాకెందుకు?" అంది దాలమ్మ.

సౌదామిని అక్కణ్ణుంచి తిన్నగా ప్రత్యేకాధికారి గదికి వెళ్ళింది. ఏం మాట్లాడిందో తెలియదు గాని, గొంతు పెంచి మాట్లాడిందనీ, తన రాజీనామా ముందే రాసి తీసుకెళ్ళిందనీ గుమాస్తాలు చెప్పుకున్నారు. త్రిలోచనరావు గారు చెడ్డమనిషి కాదు. భార్యాభర్తల్ని విడదీయాలని ఆదేశంలో ఎక్కడా లేదని ఆయనకీ తోచింది. రాజధానికి అత్యవసరంగా రాశారు. ఆశ్చర్యంగా జవాబు వెంటనే వచ్చింది. కుటుంబం ఒక విడదీయరాని యూనిట్ కనుక, భార్యాభర్తల్ని కలిపి తూచి, సగటు ప్రకారం నిర్ణయించవలసింది.

ఇద్దర్నీ తూచారు. దాలమ్మ తన పరిమితికి ఎంత ఎక్కువ ఉందో, చినగురువులు తన పరిమితికి సరిగ్గా అంతే తక్కువ ఉన్నాడు. కాటా మార్చి మళ్ళీ తూచారు. అంతే వచ్చింది. త్రిలోచనరావు గారు ఆదేశాన్ని మొదటినుంచీ చదివారు. పరిమితికి ఎక్కువైతే బయట, తక్కువైతే లోపల. సమానమైతే ఏమిటన్నది లేదు.

ఇంకో అధికారి అయితే ఏదో ఒకటి రాసేసి ఇంటికి పోయేవాడు. త్రిలోచనరావు గారు తన ఇష్టప్రకారం నిర్ణయం తీసుకునే మనిషి కాదు. స్పష్టత కోరుతూ రాజధానికి మళ్ళీ రాశారు. స్పష్టత వచ్చేదాకా ఈ కుటుంబం శిబిరం లోపల ఉండరాదు, శిబిరం వెలుపల ఉండరాదు. అటువంటి చోటు ఎక్కడుందని వెతికితే ఒక్క గేటే కనిపించింది. సన్యాసినాయుడు తన కుర్చీ ఇచ్చాడు. గేటు తలుపులు రెండూ బార్లా తెరిచి, ఆ గీత మీద కుర్చీ వేసి చినగురువుల్ని కూర్చోబెట్టారు. పక్కనే దాలమ్మ పొయ్యి పెట్టుకుంది. మనుషులు మధ్యలో ఉండగా గేటు మూస్తే ప్రమాదం జరుగుతుంది కనుక, తదుపరి ఉత్తర్వుల వరకు మూయరాదని త్రిలోచనరావు గారు స్వయంగా రాసి సంతకం పెట్టారు.

దాలమ్మ ఆ పూటే మొగుడికి పెసరపప్పు, తోటకూర, కొద్దిగా అన్నం పెట్టింది. వద్దనడానికి అవతలివాళ్ళు ఇవతలివాళ్ళకి పెట్టడం కాదది. సన్యాసినాయుడు కూడా ఒక ముద్ద తిన్నాడు.

శిబిరంలోని మిగతావాళ్ళు కొన్నాళ్ళు దూరం నుంచి చూశారు. గేటు తెరిచే ఉంది. ఒకతను ధైర్యం చేసి వచ్చి, దాటవచ్చా అని అడిగాడు. సన్యాసినాయుడు నిబంధన గుర్తు చేసుకున్నాడు. పాసు ఎందుకంటే గేటు తెరిపించుకోవడానికి. తెరిచి ఉన్న గేటుకి పాసు అడగమని తనకెవరూ చెప్పలేదు. దాంతో ఒక్కొక్కరే ఖాళీస్థలంలోకి రావడం మొదలుపెట్టారు. ఒకాయన సైకిళ్ళు బాగుచేశాడు. ఇద్దరు వెదురుబుట్టలు అల్లారు. సముద్రం అవతలి తీపి వంటలు తెలిసినవాళ్ళు అవి చేశారు, ఆ రుచికి ఊళ్ళోవాళ్ళు అలవాటు పడ్డారు. పొద్దున్న గేటు ఇటు, సాయంత్రం గేటు అటు. చినగురువులు కుర్చీలో కూర్చుని, బుట్టలు మోసేవాళ్ళకి నడుం ఎలా వంచాలో చెబుతూ ఉండేవాడు. అతని మొహం మీద కండ పట్టింది. సౌదామిని వారం వారం వచ్చి సూది గుచ్చి నెత్తురు చూసి, నవ్వి వెళ్ళిపోయేది.

ఏడాది చివర శాఖ మళ్ళీ తూకం వేసింది. శిబిరం సగటు బరువు గణనీయంగా తగ్గింది. షుగరు ఉన్నవాళ్ళు చాలామంది తేరుకున్నారు. నిపుణుల సంఘం దీన్ని అధ్యయనం చేసి, పోషకాహార నియంత్రణ, శాస్త్రీయ తూకం, నిష్ఫల శ్రమ అనే మూడంచెల విధానం వల్ల ఈ విజయం సాధ్యమైందని తేల్చింది. గేటు సంగతి నివేదికలో లేదు. అది ఇంకా పరిశీలనలో ఉన్న అంశం. త్రిలోచనరావు గారికి పదోన్నతి ఇచ్చి, ఇదే విధానాన్ని వరద బాధితులకి వర్తింపజేయడానికి గోదావరి వైపు పంపారు. వెళ్ళేరోజున ఆయన గేటు దగ్గర జీపు ఆపించి దిగారు. దాలమ్మ ప్లేటు అందించబోతే చేతులు జోడించి వద్దన్నారు. స్పష్టత కోసం మూడు సార్లు గుర్తుచేశాననీ, తన శాయశక్తులా ప్రయత్నించాననీ చెప్పారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాలమ్మకి ఆయన మీద కోపం వద్దామనుకుంటే కూడా రాలేదు.

ఆయన స్థానంలో భానోజీరావు అనే అధికారి వచ్చాడు. తెల్లవారుజామున బస్సెక్కి, దారిలో రెండు బస్సులు మారి, మధ్యాహ్నానికి గేటు దగ్గర దిగాడు. తెరిచి ఉన్న గేటు, మధ్యలో కుర్చీ, కుర్చీలో మనిషి, పక్కన పొయ్యి, చుట్టూ జనం కనిపించారు. ఇదంతా ఏమిటని కటువుగా అడిగాడు. సన్యాసినాయుడు సెల్యూట్ కొట్టి ఫైలు తెచ్చాడు. భానోజీరావు ఎండలో నిలబడే ఫైలు తిరగేశాడు. సగం చదివేసరికి మొహం తుడుచుకున్నాడు. చివరి పేజీ దాకా వెళ్ళి, మళ్ళీ మొదటి పేజీకి వచ్చి, ఫైలు మూసి, దాలమ్మ వైపు తిరిగాడు.

"ఇంతకీ మీరు లోపలివాళ్ళా, బయటివాళ్ళా?"

దాలమ్మ గరిటె తిప్పుతూనే ఉంది. "తమరు పొద్దుట్నుంచీ ఏటీ తిన్నట్టు లేరు బాబూ," అంది. "మొహం చూస్తే తెలస్తంది."

భానోజీరావు అటూ ఇటూ చూశాడు. ఫైలు చంకలో పెట్టుకుని, చినగురువులు కుర్చీ జరిపి చోటిస్తే గేటు గీత మీద పేర్చి ఉన్న పొయ్యి ఇటుకల మీద కూర్చున్నాడు. కొంచెం ఆలోచించాడు. అప్పుడు ఆ శిబిరంలో తన మొదటి ఆర్డరు జారీ చేశాడు.

"ఒక ప్లేటు. కారం తగ్గించి."

శిబిరం పెట్టిన తరవాత, పైకి రాయకుండా, స్పష్టత కోరకుండా, అప్పటికప్పుడు అమలైన ఆర్డరు అదొక్కటే.